సవరణ: మా ఊరి బడి మూసేశారని రాశాను, అది తప్పు

పొద్దున పోస్టులో రెండు తప్పులు రాశాను, మా బాబాయి (రిటైర్డ్ టీచర్) ఫోన్ చేసి బాగానే గడ్డి పెట్టాడు.

ఒకటి, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్ని, టీచర్లని సర్దుతూ ఇచ్చిన జీవో 117తో మా బడి మూసేశారన్నాను. మూయలేదండీ. 3, 4, 5 తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపున్న హైస్కూల్‌కి పంపారు, 1, 2 తరగతులు మాత్రం ఇక్కడే ఉంచారు. కాకపోతే అక్క హైస్కూల్‌కి పోతే చెల్లిని ఒక్కదాన్నే ఇక్కడికి ఎవరు పంపుతారు చెప్పండి, ఇద్దర్నీ కలిపి ప్రైవేట్ బస్సు ఎక్కించేశారు, అలా బడి దానంతటదే ఖాళీ అయింది. నాకు అది మూసేసినట్టే కనిపించింది, కానీ రికార్డులో మూత కాదు, ఒప్పుకుంటున్నా.

రెండోది, 20 మంది కన్నా తక్కువుంటే బడి మూయాలని విద్యాహక్కు చట్టంలో ఉందన్నాను. అలాంటిదేం లేదు, ఎవరో అంటే విని రాసేశా, సారీ. 2009 చట్టంలో ఉన్నది వేరే, ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. అంటే పదిమందే ఉన్నా ఇద్దరు ఉండాల్సిందే, మా బడికి ఎప్పుడూ ఒక్కరే, ఆ మేడం లీవ్ పెడితే ఆరోజు సెలవే.

ఇంకోటి, ఆ జీవో 117ని 2025లో రద్దు చేశారు, దాని బదులు తరగతికో టీచర్‌తో మోడల్ ప్రైమరీ స్కూళ్ళు అన్నారు. పాత పోస్టులో ఇది రాయడం మర్చిపోయా. ఆ పోస్టు షేర్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా పెట్టండి.