మూడు డాలర్ల ధర్మదాత

అమెరికాలోని బుల్లి రాష్ట్రం రోడ్ ఐలండ్. దాని రాజధాని ప్రావిడెన్స్‌ను రెండు విడతలుగా ఇరవై ఏళ్లకు పైగా ఏలిన మేయరు విన్సెంట్ 'బడ్డీ' సియాన్సీ గారు. ఆయన ఘనకార్యాలకు లెక్కలేదు గానీ, నా కడుపుమంటంతా ఆయనగారి టమాటా సాస్ సీసా మీదే. 'మేయర్స్ ఓన్ మారినారా సాస్'. ఇది ప్రావిడెన్స్ బడిపిల్లల మేలు కోసమని లేబుల్ మీదే అచ్చు వేయించారు.

2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్లు పనిగట్టుకుని లెక్క తీశారు. 2009 నుంచి 2012 దాకా ఆ సాస్ మీద మిగిలిన లాభం 3 డాలర్లు. ఆ నాలుగేళ్లలో బడిపిల్లల స్కాలర్‌షిప్ నిధికి అందింది సున్నా.

మూడు డాలర్లంటే మాటలా? ఏడాదికి ముప్పావు డాలరు! ఇంత సొమ్ము పంచాలంటే కమిటీ వేయాలి. దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు, మూడేసి పాస్‌పోర్ట్ ఫొటోలు కావాలి. ఎంపికైన పిల్లాణ్ణి స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చిల్లర అరచేతిలో పెట్టి, "ఈ ఏడు పెన్సిల్ కొనుక్కో నాయనా, రబ్బరు సంగతి వచ్చే ఏడు చూద్దాం" అని దీవించాలి. ఫొటోగ్రాఫర్‌కి సరిగ్గా పడకపోతే ఆ చిల్లర వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వాలి.

1974లో ఈయన గెలిచింది అవినీతిని ఊడ్చేస్తానని! 2002లో జైలుకెళ్లింది అవినీతి కుట్ర కేసులో. ఎఫ్‌బీఐ ఆ దర్యాప్తుకు పెట్టిన పేరు 'ప్లండర్ డోమ్'. ఆస్తిపన్ను తగ్గించే బోర్డు ఛైర్మనే లంచాల కేసులో దొరికాడు. జైలుకెళ్తూ సియాన్సీ గారు 'ఉడత' అని ముద్దుగా పిలుచుకునే విగ్గును బయటే వదిలేశారు. పాపం ఉడత.

"తింటే తిన్నాడు గానీ ఊరు బాగుచేశాడు" అంటారు అభిమానులు. రోడ్ల కింద కప్పెట్టిన నదుల్ని బయటికి తెచ్చాడట! 1980ల చివర్లో ఆ తవ్వకాలు మొదలైనప్పుడు ఈయన పదవిలోనే లేడు, రేడియోలో కబుర్లు చెప్పుకుంటున్నాడు. డబ్బులో పెద్ద వాటా కేంద్రానిది, నమూనా ఓ ఆర్కిటెక్టుది.

ఎందుకు పదవిలో లేడు? 1983లో, తనతో విడిగా ఉంటున్న భార్యకు దగ్గరయ్యాడనే అనుమానంతో ఒక మనిషిని ఇంటికి పిలిపించి, వెలుగుతున్న సిగరెట్టుతో కాల్చి, యాష్‌ట్రే విసిరి, పొయ్యి కట్టెతో బెదిరించాడు. ఆ ఇంట్లో అప్పుడు పోలీసు కూడా ఉన్నాడు! ప్రజల జీతం తింటున్న పోలీసు! కోర్టులో ఆరోపణల్ని కాదనకుండా చేతులెత్తేస్తే శిక్ష పడింది గానీ, జైలు తప్పింది. పదవి పోయింది. 1990లో 317 ఓట్ల తేడాతో జనం మళ్లీ అదే కుర్చీ ఇచ్చారు. అదంతా ఆయన స్టైలని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లున్నారు. సిగ్గుండాలి.

జైలు నుంచి వచ్చాక 2014లో మళ్లీ నిలబడితే ఓడిపోయాడు గానీ, నూటికి నలభై మందికి పైగా ఆయనకే గుద్దారు. సిగరెట్టు కాలింది వాళ్ల ఒంటి మీద కాదుగా!