"భయమే చంపింది" అనే ఫార్వర్డ్ గురించి నాలుగు ముక్కలు

మళ్ళీ తిరుగుతోంది ఆ మెసేజ్. "కరోనా ఎవర్నీ చంపలేదు, భయమే చంపింది, టీవీలు కట్టేసి ఆ కాలర్ ట్యూన్ ఆపేసుంటే సగంమంది బతికేవాళ్ళు" అని. మా ఫ్యామిలీ గ్రూపులోనే నాలుగుసార్లు పడింది, బాబాయ్ దండం ఎమోజీతో సహా.

భయమే చంపిందా? అయితే లెక్క తిరగబడాలి కదా. జనం నిజంగా వణికిపోయింది 2020 మార్చి ఏప్రిల్‌లో, ఊరి పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డమేసి పక్కూరివాణ్ణి కూడా రానివ్వని రోజుల్లో, అప్పుడు చావులు తక్కువ. 2021 మార్చి 7న అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ మహమ్మారి ఆఖరి దశకొచ్చేశాం అన్నారు, మాస్కులు గడ్డాల కిందకి దిగాయి, పెళ్ళిళ్ళు ఎలక్షన్ మీటింగులు అన్నీ మామూలే, రెండు నెలలు తిరక్కుండా సిలిండర్ల కోసం పరుగులు. ఇంకోటి, చాలామందికి రక్తంలో ఆక్సిజన్ 85 శాతానికి పడిపోయినా ఆయాసం తెలిసేది కాదు, ఫోన్లో కబుర్లు చెప్తూనే ఉండేవాళ్ళు. వాళ్ళకి భయం వేయకపోవడమే కొంప ముంచింది.

అన్నట్టు 2021 మేలోనే హైదరాబాద్ జూలో 8 సింహాలకి పాజిటివ్ వచ్చింది. అవి ఏ ఛానెల్ చూసుంటాయంటారు?

"భయపడితే లేని రోగం వస్తుంది" అన్నదాంట్లో సగం నిజం ఉంది, ఒప్పుకుంటా. 12 వ్యాక్సిన్ ట్రయల్స్ కలిపి చూస్తే, ఉత్తుత్తి ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళలో కూడా 35 శాతం మంది మొదటి డోసుకే తలనొప్పి, నీరసం లాంటివి చెప్పారు. కానీ తలనొప్పి వేరు, ఊపిరితిత్తులు పాడైపోవడం వేరు.

భయం ప్రాణం తీసిన కేసూ ఉంది. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకి కరోనా వచ్చిందనుకుని, ఇంట్లోవాళ్ళకి అంటకూడదని ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆంధ్రాలో ఒక్క కేసు లేదు, కాలర్ ట్యూన్ కూడా రాలేదు. ఆయన చూసింది ఫోన్లో చైనా వీడియోలు, అంటే మనం పంపుకునే సరుకే.

ఇక కాలర్ ట్యూన్. దగ్గుతో మొదలయ్యేది, చిరాకే, నేనూ తిట్టుకున్నా. కానీ దగ్గు తర్వాత చేతులు కడుక్కో, దూరంగా ఉండు అని ఏం చేయాలో కూడా చెప్పేది. ఉత్త భయం పెడితే మనిషి చెవులు మూసుకుంటాడు, దారి కూడా చూపిస్తే వింటాడు. ఆ చైనా వీడియోల్లో ఆ దారే లేదు.

మా వీధిలో ఒకాయన జ్వరంతో వారం పాటు టెస్టుకి పోలేదు. వైరస్ భయం కాదు, ఇంటికి కరోనా స్టిక్కర్ అంటిస్తే పక్కింటోళ్ళు ఏమంటారో అని. ఫార్వర్డ్‌లో ఆ భయం గురించి ఒక్క లైను లేదు.