మోటార్ హోమ్ గోడలో కొలువున్న గీజరు గారికి

మహారాజశ్రీ ప్రొపేన్ గీజరు గారి దివ్యసముఖానికి,

కొలరాడో కొండల్లో తమరితో పాటు మోటార్ హోమ్ అనే చక్రాల ఇంట్లో (ఆర్వీ అని కూడా అంటారు) తిరుగుతున్న కుటుంబం తరఫున నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ మేమంతా వణుకుతూ క్షేమం. తమరు కూడా జాలీ తలుపు వెనక చల్లగా ఉన్నారు. బాధంతా అదే.

లోపల గోడ మీద తమ స్విచ్ వేస్తాం. బయట టిక్ టిక్‌మని నిప్పురవ్వల చప్పుడు. అంటుకుంటే భుస్సుమంటారు, సంతోషం. అంటుకోకపోతే చాలా మోడళ్ళలో మూడుసార్లు ప్రయత్నించి, గ్యాస్ వాల్వ్ మూసేసి, స్విచ్ పక్కన ఎర్ర దీపం వెలిగించి మౌనవ్రతం పడతారు. గ్యాస్ రాలేదా, రవ్వ పడలేదా, 12 వోల్టుల బ్యాటరీ నీరసించిందా, మంట వచ్చినా దాన్ని కనిపెట్టాల్సిన ఎలక్ట్రోడ్‌కి మసి పట్టి ఆనలేదా? ఏ రోగానికైనా అదే దీపం. తాలూకాఫీసులో "రేపు రండి" అనే గుమాస్తా కూడా ఇంతకన్నా వివరంగా మాట్లాడతాడు. స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే అలక తీరి ఇంకో మూడు ఛాన్సులిస్తారు, కాదనం.

తమ దర్శనానికి ముందు పొయ్యికి దండం పెట్టాలని అందరూ చెప్పరు. సిలిండర్ మార్చినప్పుడు గొట్టంలో గాలి చేరుతుంది. ముందు వంట పొయ్యి వెలిగించి, నీలిమంట నిలకడగా వచ్చాక తమ దగ్గరికి రావాలి. సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పామా, ఎక్కడో లీకైందనుకుని లోపలి రక్షణ ఏర్పాటు గ్యాస్‌ని బిగబట్టేస్తుంది. మెల్లగా తిప్పాలి, పసిపిల్ల నిద్ర లేవకూడదన్నట్టు. ఇక చలి అనే సాకు మాత్రం చెప్పకండి. మన ఊళ్ళో వంట సిలిండర్‌లో కలిసే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుందేమో గానీ, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది.

అసలు ఫిర్యాదు తమ అద్దెదారుల గురించి. బర్నర్ గొట్టంలో సాలీడు కాపురం పెట్టింది. గ్యాస్‌కి వాసన కోసం కలిపే మెర్కాప్టన్ అంటే వాటికి ప్రాణమని ఆర్వీ జనం గట్టిగా నమ్ముతారు. నవ్వుదామంటే 2011లో మాజ్డా కంపెనీ పెట్రోల్ ఆవిరి గొట్టంలో సాలీళ్ళు గూడు కడుతున్నాయని అమెరికాలో వేల కార్లను వెనక్కి పిలిచింది. కాబట్టి నవ్వలేకపోతున్నాం. పిసరంత గూడు చాలు, గాలి సరిగ్గా కలవదు, నీలిమంట పసుపు పచ్చగా మారి మసి కక్కుతుంది. సాలీడు లేకపోతే మట్టి గూళ్ళు కట్టే కందిరీగలు. సన్నని బ్రష్‌తో గొట్టం తోమి, జాలీ తలుపుకి ఇంకో సన్నజాలీ బిగించాం. పసుపు మంట దగ్గర మాత్రం వేళాకోళం ఆడం. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పసిగట్టే అలారం లేకుండా ఈ బండిలో ఎవరూ నిద్రపోరు.

ఒక్కోసారి తమరు నిజాయితీగా మండుతున్నా నీళ్ళు గోరువెచ్చనే. అప్పుడు తమ తప్పు లేదు, ఒప్పుకుంటున్నాం. చలికాలంలో పైపులు పగలకుండా యాంటీఫ్రీజ్ అనే, చలికి గడ్డకట్టని ద్రవం పోసేటప్పుడు తమరిని తప్పించి నీళ్ళు మళ్ళించే బైపాస్ వాల్వ్ వసంతంలో కూడా అలాగే ఉండిపోతుంది. లేదా బయటి షవర్ దగ్గర రెండు కుళాయిలూ తెరిచి, షవర్ గొట్టం చివర ఉన్న మీట మాత్రమే మూసి ఉంటారు. చన్నీళ్ళు అటునుంచి వేడినీళ్ళ దారిలోకి దూరిపోతాయి.

తమ సామర్థ్యం 6 గ్యాలన్లు, అంటే సుమారు 23 లీటర్లు. పిల్లలు షవర్ కింద పాట అందుకునేసరికే అది హరీ. విశాఖ నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం ప్లాస్టిక్ బకెట్, మగ్గు తెప్పించుకుని, సగం వేడి సగం చల్ల కలుపుకుని, తలంటు కూడా ముగించి బయటికొచ్చారు. "ఇంకా మిగిలాయి, ఎవరైనా పోసుకోండర్రా" అన్నారు. తమ కంపెనీవాళ్ళు బకెట్ కూడా పెట్టెలో వేసి ఇస్తే బాగుంటుంది.

మా కోరిక ఒక్కటే. ఆ ఎర్ర దీపం పక్కన ఇంకో రెండు దీపాలు పెట్టించుకోండి. ఒకటి గ్యాస్‌కి, ఒకటి కరెంటుకి. సాలీడు సంగతి మేం చూసుకుంటాం.

ఇట్లు,
తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరుసలో నిలబడ్డవాళ్ళం

తా.క.: తమ స్టీలు తొట్టి తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ముప్పాతిక వంతు కరిగిపోయింది. తమరు చల్లారి, ప్రెషర్ వాల్వ్ ఎత్తి ఒత్తిడి వదిలాకే రెంచి వేస్తాం. కొత్త కడ్డీ ఖర్చు మాదే.