ఆర్డర్ ఇచ్చేదాకానే డైట్

డైట్ చేసేవాళ్లు రెస్టారెంట్‌కి వచ్చి ఏమీ తినకుండా కూర్చుంటారని లోకంలో ఒక అపోహ ఉంది. వాళ్లతో కలిసి ఎప్పుడూ భోంచెయ్యనివాళ్లు పుట్టించిన మాట అది. డైట్ అనేది ఆర్డర్ ఇచ్చేటప్పుడు పాటించాల్సిన నియమం. తినడం పూర్తిగా వేరే శాఖ. ఈ రెండింటినీ కలిపి చూడబట్టే పాపం వాళ్ల మీద ఇన్ని నిందలు. వాళ్ల తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా, అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆర్డర్ ఘట్టం చూద్దాం. మిగతావాళ్లంతా తమకేం కావాలో చెప్పేసి కబుర్లలో పడతారు. డైట్‌లో ఉన్నాయన మాత్రం మెనూ చివరి పేజీ దాకా చదివి, వెనక అట్ట కూడా తిప్పి చూసి, అప్పుడు తలెత్తుతాడు.

"చికెన్ గ్రిల్ చేస్తారా, వేయిస్తారా?"

"గ్రిల్లేనండి."

"నూనె వేస్తారా?"

"పైన కొంచెం రాస్తారండి."

"కొంచెం అంటే ఎంత?"

సర్వర్ లోపలికి వెళ్తాడు, కనుక్కుని వస్తాడు. "కొంచెమేనంటండి."

అడగడంలో తప్పేమీ లేదు. పిండిపదార్థాలకీ ప్రోటీన్‌కీ గ్రాముకి 4 క్యాలరీలైతే, కొవ్వుకి 9. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటేనే దాదాపు 120 క్యాలరీలు. వంటగదిలో మాస్టర్ చెయ్యి కాస్త వాలిందంటే పొద్దుటి కసరత్తంతా నూనెలో కలిసినట్టే. ఆ టెన్షన్ తోనే మనవాడు చివరికి సలాడ్ చెప్పి, డ్రెస్సింగ్ విడిగా చిన్న గిన్నెలో తెమ్మంటాడు. సర్వర్ రాసుకుంటాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తమ ఆర్డర్లు తలుచుకుని కాస్త సిగ్గుపడతారు. అక్కడితో డైట్ సంపూర్ణం.

ఇక ఆ చిన్న గిన్నె సంగతి. మొదట ఫోర్క్ మొన మాత్రమే దాన్ని తాకుతుంది. కాసేపటికి ఆకు కొస మునుగుతుంది. ఆ తర్వాత ఆకు మొత్తం. సలాడ్ సగానికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. అడుగున అంటుకున్నదాన్ని మనవాడు పక్కాయన ప్లేటులోంచి బ్రెడ్ ముక్క తుంచి శుభ్రంగా తుడిచేస్తాడు. సలాడ్ మీద పోసుకుని ఉంటే ఇంతకన్నా తక్కువే కడుపులోకి వెళ్లేదని మీకు అనిపించవచ్చు. కానీ విడిగా తెప్పించాడా లేదా? నియమం నిలబడిందా లేదా?

బ్రెడ్ ముక్క పక్కాయనది కాబట్టి దాని లెక్క పక్కాయనకే. తను ఆర్డర్ చెయ్యని తిండిలో క్యాలరీలు ఉండవన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. ఫ్రెంచ్ ఫ్రైస్ ప్లేటు బల్ల మధ్యలో పెట్టగానే "ఊరికే రుచి చూస్తా" అంటాడు. ఒకటి తీసి, మధ్యకి విరిచి, సగమే తింటాడు. ఆ నిగ్రహానికి అందరూ ముక్కున వేలేసుకుంటారు. మిగిలిన సగం తిరిగి ప్లేటులో పెడితే మర్యాదగా ఉండదు కాబట్టి, మర్యాద కోసం అది కూడా తింటాడు. మర్యాద తెలిసినవాడు కావడంతో ప్లేటు అయ్యేదాకా ఆ పద్ధతే సాగుతుంది.

డెజర్ట్ వద్దేవద్దంటాడు. "మీకు కావాలంటే ఒకటి చెప్పుకోండి" అని పెద్ద మనసుతో అనుమతిస్తాడు, చెంచాలు మాత్రం అందరికీ తెమ్మంటాడు. కేకు రాగానే దాని అంచు వంకరగా ఉన్నట్టు మొదట కనిపెట్టేది ఆయనే. చెంచాతో సరిచేస్తాడు. ఇప్పుడు రెండో వైపు ఎత్తుగా కనిపిస్తుంది. అటూ సరిచెయ్యక తప్పదు. ఇది తినడం కిందకి రాదు, మరమ్మతు కిందకి వస్తుంది.

ప్రభుత్వాలకీ ఈ సూక్ష్మం అందలేదు. అమెరికాలో 2018 నుంచి, 20 అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో క్యాలరీలు వెయ్యాలన్నారు. ఇంగ్లండ్‌లో 2022 నుంచి, 250 అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకి అదే రూలు పెట్టారు. వంటకం ఎన్ని క్యాలరీలో తేలింది. చెంచా ఎవరిదో, ప్లేటు ఎవరిదో తేల్చే సెక్షన్ మాత్రం ఎవరికీ తట్టలేదు.

లులు హంట్ పీటర్స్ అనే అమెరికన్ డాక్టర్ 1918లోనే, ఒక ముక్క బ్రెడ్ అనకండి, 100 క్యాలరీల బ్రెడ్ అనండి అని జనానికి చెప్పింది. ఆ చదువు మనవాడికి బాగానే వంటబట్టింది, కాకపోతే ఎదుటివాళ్ల తిండి విషయంలోనే. "నువ్వు తింటున్నది ఎంతో తెలుసా?" అని ఎదుటాయన్ని అడిగి, చెప్పి, ఆయన మిగతాది పక్కకి నెట్టేస్తే "అయ్యో, పారేస్తారా?" అని అందుకుంటాడు.

రోజుకి 8 గంటల్లోనే తినాలనే ఉపవాసంలో ఉన్నవాళ్లది ఇంకో ధర్మసంకటం. గడువు ముగిశాక ప్లేటు వచ్చింది. ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. ఆర్డర్ ఇచ్చిన టైమే లెక్క. ఆలస్యం వంటగదిది.

ఇంతా అయ్యాక "రేపు ట్రెడ్‌మిల్ మీద చూసుకుంటాలే" అంటాడు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు ఇంగ్లండ్ జైళ్లలో ఖైదీల కోసం రూపొందించిన తొక్కుడు చక్రానికే మొదట ఆ పేరు, కాబట్టి మాటలో కాస్త పశ్చాత్తాపం ఉన్నట్టే. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. ఆ చిన్న గిన్నె వరకు శిక్ష సరిపోవచ్చు. ఫ్రైస్‌కీ కేకు మరమ్మతుకీ మళ్లీ విచారణ జరగాలి.

ఇంతలో బిల్లు వస్తుంది. సాయంత్రమంతా కంటి అంచనాతోనే నడిచిన లెక్కలు ఇక్కడ ఒక్కసారిగా పదునెక్కుతాయి. అందరం సమానంగా పంచుకుందామని ఎవరో అంటారు. మనవాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరుస్తాడు.

"నేను సలాడ్ ఒక్కటే కదా చెప్పింది."