బ్రౌజర్‌లో పైథాన్ పెట్టకపోవడం కుట్రేమీ కాదు

"స్క్రిప్ట్ ట్యాగ్‌లో టైప్ అనే అట్రిబ్యూట్ ఉండనే ఉంది. పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చి అక్కడ తగిలిస్తే అయిపోయే పని. పెద్ద కంపెనీలు కావాలనే చేయడం లేదు. ఎలాగూ వెబ్‌అసెంబ్లీ వచ్చింది, ఇక జావాస్క్రిప్ట్ పని అయిపోయినట్టే." ఇలాంటి పోస్టు ఒకటి తెగ షేర్ అవుతోంది. ఇందులో నిజం రెండే: స్క్రిప్టు ఏ భాషదో చెప్పే టైప్ అట్రిబ్యూట్ ఉంది, వేరే భాషల కోడ్‌ను కంపైల్ చేసి బ్రౌజర్‌లో నడిపే వెబ్‌అసెంబ్లీ వచ్చింది.

ముందుగా, "కావాలనే చేయడం లేదు" అన్న మాట. పైథాన్‌తో కాకపోయినా వేరే భాషలతో చేశారు, ఒకటికి రెండుసార్లు. 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 జేస్క్రిప్ట్‌తో (మైక్రోసాఫ్ట్ జావాస్క్రిప్ట్) పాటు వీబీస్క్రిప్ట్‌నూ నడిపింది. 2011లో గూగుల్ డార్ట్ భాషను బయటపెట్టి, ఆ తర్వాత డార్ట్ వీఎం (ఆ భాష కోడ్‌ను నడిపే వర్చువల్ మెషీన్) ఉన్న క్రోమియం బిల్డ్ 'డార్టియం'ను డెవలపర్లకు ఇచ్చింది. 2011 చివర్లోనే, సఫారీ, అప్పటి క్రోమ్ వాడిన వెబ్‌కిట్ ఇంజిన్‌లో ఒకటికి మించి వీఎంలు పట్టేలా మార్పులు చేద్దామని గూగుల్ ఇంజినీర్లు ప్రతిపాదిస్తే మిగతావాళ్లు గట్టిగా అడ్డుచెప్పారు. 2015 మార్చిలో, క్రోమ్‌లో డార్ట్ వీఎం పెట్టబోమని గూగులే చెప్పేసింది. భాషా తనదే, బ్రౌజరూ తనదే, అయినా వదులుకుంది. కుట్ర అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

"తగిలిస్తే అయిపోయే పని" అన్నదాంట్లోనే అసలు చిక్కంతా ఉంది. ఇంటర్‌ప్రెటర్‌ను కంపైల్ చేసి పక్కన పెట్టడం కష్టమేమీ కాదు. దాన్ని డామ్‌తో, అంటే పేజీలోని భాగాలను బ్రౌజర్ మెమరీలో ఉంచుకునే ఆబ్జెక్టుల చెట్టుతో కలపడమే కష్టం. పేజీలోని బటన్ సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్టు. స్క్రిప్టు దాన్ని ముట్టుకోగానే ఇంజిన్ ఆ భాషలో ఒక ర్యాపర్ (బటన్‌కు ప్రతినిధిగా ఉండే ఆబ్జెక్టు) తయారుచేస్తుంది. బటన్ తన ర్యాపర్‌ను గుర్తుపెట్టుకోవాలి, ర్యాపర్ బటన్‌ను పట్టుకుని ఉండాలి. జావాస్క్రిప్ట్ ర్యాపర్ కోసం వెబ్‌కిట్, ఇప్పటి క్రోమ్ ఇంజిన్ బ్లింక్ రెండూ నోడ్ (చెట్టులోని ఒక్కో ఆబ్జెక్టు) లోపలే ఒక పాయింటర్ ఉంచుతాయి కాబట్టి ఒక్క రీడ్‌తో దొరుకుతుంది. రెండో భాష వస్తే ప్రతి నోడ్‌లో ఇంకో పాయింటర్ పెట్టాలి, లేదా హ్యాష్ టేబుల్‌లో వెతకాలి. మొదటిది పైథాన్ వాడని పేజీకీ మెమరీ భారం, రెండోది డామ్‌ను తాకిన ప్రతిసారీ ఆలస్యం.

అంతకంటే పెద్దది చెత్త ఏరివేత, అంటే వాడకం అయిపోయిన మెమరీని ఆ భాష కలెక్టర్ తనంతట తాను ఖాళీ చేయడం. పైథాన్ ఫంక్షన్ ఒక జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టును పట్టుకుంది, ఆ ఆబ్జెక్టు తిరిగి అదే ఫంక్షన్‌ను పట్టుకుంది అనుకోండి. అవతలి భాష మెమరీలో (హీప్‌లో) ఎవరో వాడుతున్నారని రెండు కలెక్టర్లూ అనుకుంటాయి, ఏదీ వదలదు. ట్యాబ్ మూసేదాకా ఆ మెమరీ అలాగే ఉంటుంది. ఇది ఊహ కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో డామ్ రిఫరెన్స్ కౌంటింగ్‌తో (ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టడం), జేస్క్రిప్ట్ మార్క్ అండ్ స్వీప్‌తో (వాడుకలో ఉన్నవాటిని గుర్తుపెట్టి మిగతావి ఊడ్చేయడం) నడిచేవి. ఆన్‌క్లిక్‌కు ఇచ్చిన క్లోజర్ (బయటి వేరియబుళ్లను పట్టుకుని ఉండే ఫంక్షన్) ఆ ఎలిమెంట్‌నే పట్టుకుంటే లీకే, ఆ మెమరీ తిరిగి రాదు. ఒక్క భాషతోనే ఇంత తంటా. ఈ ముడి విప్పడానికే ఫైర్‌ఫాక్స్ 3లో (2008) ఇలా ఒకదాన్నొకటి పట్టుకున్నవాటిని కనిపెట్టి వదిలించే సైకిల్ కలెక్టర్ పెట్టాల్సి వచ్చింది.

చిన్న తేడాలూ తక్కువేమీ కాదు. డామ్‌లో టెక్స్ట్ ఆఫ్‌సెట్‌లు యూటీఎఫ్-16 యూనిట్లలో ఉంటాయి, పైథాన్ కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది. తెలుగు అక్షరాల వరకు రెండు లెక్కలూ ఒకటే. వాక్యం మొదట్లో ఒక 😀 (యూటీఎఫ్-16లో రెండు యూనిట్లు, పైథాన్‌కు ఒక్కటే) పడిందా, అక్కడి నుంచి సెలెక్షన్ ఒక స్థానం పక్కకు జరుగుతుంది.

భద్రత సంగతి చూస్తే, పైథాన్‌లో నమ్మకం లేని కోడ్ నడపడానికి ఉన్న రెక్సెక్ మాడ్యూల్‌ను సురక్షితం కాదని తేలాక 2.3లోనే ఆపేశారు. పైగా వెబ్‌లో పాత పేజీ విరగకూడదు. పైథాన్ 3.13 ఒక్క విడుదలలోనే 19 పాత మాడ్యూళ్లను తీసేసింది. సర్వర్ మీద అది మంచి పనే. బ్రౌజర్‌లో అలా చేస్తే ఎవరి సైటో ఆగిపోతుంది. ఇక "పైథాన్ అయితే వేగం" అంటారా, సీపైథాన్‌ను (మామూలుగా వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్) క్రోమ్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 పక్కన నిలబెట్టి చూస్తే చాలు.

చివరిది, వెబ్‌అసెంబ్లీ. అది డామ్‌ను నేరుగా తాకలేదు, మధ్యలో జావాస్క్రిప్ట్ కోడ్ ఉండాల్సిందే. అయితే దారి మాత్రం అటే ఉంది. 2023 చివర్లో క్రోమ్ 119, ఫైర్‌ఫాక్స్ 120లలో వచ్చిన వాస్మ్‌జీసీతో (వెబ్‌అసెంబ్లీకి చెత్త ఏరివేత) కంపైలైన భాష ఆబ్జెక్టులను ఇంజిన్ సొంత కలెక్టరే చూసుకుంటుంది. అంటే భాషలెన్ని ఉన్నా వీఎం ఒక్కటే. డార్ట్ కూడా చివరికి ఈ దారినే పట్టింది. సీపైథాన్‌కు మాత్రం ఇది ఇంకా అందలేదు, దాని రిఫరెన్స్ కౌంట్లు ఆ కలెక్టర్ చూడలేని లీనియర్ మెమరీలోనే ఉంటాయి.

ఈలోపు బ్రౌజర్‌లో పైథాన్ కావాలంటే పయోడైడ్ (వెబ్‌అసెంబ్లీకి కంపైల్ చేసిన సీపైథాన్) ఉంది. రన్‌టైమ్ కొన్ని మెగాబైట్లు దిగాలి కాబట్టి పేజీ తెరవగానే కాకుండా అవసరమైనప్పుడే లోడ్ చేయండి. లెక్కల పని వెబ్ వర్కర్‌లో (పేజీ పక్కన వేరుగా నడిచే థ్రెడ్) పెట్టండి, లేకపోతే పేజీ బిగుసుకుపోతుంది. ఈవెంట్ లిజనర్‌గా పైథాన్ ఫంక్షన్‌ను అలాగే ఇస్తే, క్లిక్ చేసినప్పుడు 'ప్రాక్సీ డిస్ట్రాయ్ అయింది' అనే ఎర్రర్ వస్తుంది. పయోడైడ్‌లోని క్రియేట్ ప్రాక్సీ ఫంక్షన్‌తో చుట్టి ఇచ్చి, లిజనర్ తీసేశాక డిస్ట్రాయ్ మీరే పిలవాలి. మర్చిపోతే పైన చెప్పిన లీకే మీ పేజీలోనూ.