అర్థమయ్యేలా చెప్పిన నేరం

గణితంలో పీహెచ్‌డీ చేసే పిల్లలు అప్పుడప్పుడూ నలుగురి ముందు నిలబడి తాము చేసిన పని చెప్పుకోవాలి. వచ్చినవాళ్లకి అర్థం కావడం కోసమే ఈ ఏర్పాటు అని బయట కొందరు అమాయకులు అనుకుంటున్నారు. హైదరాబాదులోనే ఒక విశ్వవిద్యాలయంలో చదివే మా మేనకోడలు కూడా అలాగే అనుకుంది. దాని ఫలితం కళ్లారా చూశాను కాబట్టి, మిగతా పిల్లలైనా జాగ్రత్త పడతారని ఇది రాస్తున్నాను.

అష్టావధానం చూసినవాళ్లకి ఈ తంతు కొత్తగా అనిపించదు. అవధాని స్థానంలో నెలకి 37,000 ఫెలోషిప్ మీద, అదీ పడిన నెలలో, బతికే స్కాలరు ఉంటాడు. నిషిద్ధాక్షరి గైడుగారిది: "ఆ పేపర్ పేరెత్తకు, దాన్ని తప్పన్నాయన ముందు వరసలోనే ఉన్నాడు." గంట చైర్‌పర్సన్ కొడతారు. అవధాని గంటలు లెక్కపెట్టి చెబితే చాలు, ఇక్కడ గంట వినపడగానే ఇరవై స్లైడ్లు మింగెయ్యాలి. ఇక అప్రస్తుత ప్రసంగం. అవధానంలో ఆ పనికి ఒక్క మనిషినే పెడతారు. ఇక్కడ పోటీ ఎక్కువ.

సభికులు గంగిరెద్దుల్లా తలలూపుతుంటే, కళ్లన్నీ సిద్ధాంతం మీదే ఉన్నాయని మోసపోవద్దు. స్లైడు కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో 17/54 అని ఉంటుంది. అందరూ చూసేది దాన్నే. హాలు మొత్తానికి అర్థమయ్యే గణితం ఆ భిన్నం ఒక్కటే. వెనక బల్ల మీద సమోసాలు చల్లారడానికీ దానికీ ఉన్న సంబంధం కూడా అందరికీ తెలుసు.

ముందు వరసలో ఒక పెద్దాయన మూడో స్లైడుకి నిద్రలోకి జారుకుని, చప్పట్లకి లేచి, "క్యారెక్టరిస్టిక్ రెండు అయితే ఏమవుతుంది?" అని అడుగుతారు. ఆల్జీబ్రాలో ఏం చెప్పినా నప్పే ప్రశ్న ఇది. "మంచి ప్రశ్న సార్, చూడాలి" అనాలి. సార్ తృప్తిగా సమోసాల వైపు నడుస్తారు. ఎంత చక్కటి ఏర్పాటు!

మా పిల్ల దీన్ని పాడుచేసింది.

స్లైడు వెయ్యకుండా వెనక బల్ల మీంచి నాలుగు సమోసాలు ప్లేటులో తెచ్చి, "వీటిని కుప్పలుగా ఎన్ని రకాలుగా పెట్టచ్చు?" అంది. నాలుగూ ఒకే కుప్ప. మూడూ, ఒకటీ. రెండూ, రెండూ. రెండు, ఒకటి, ఒకటి. లేదా నాలుగూ విడివిడిగా. మొత్తం అయిదు. ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ చాయ్ అన్న ఆగిపోయాడు.

"అయిదు సమోసాలకు ఆరు తీర్లా, మేడం?"

"ఏడు, అన్నా."

అతను ఫ్లాస్కు కింద పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. హాలంతా అతని వేళ్లకేసి చూసింది. ఏడే వచ్చాయి. అప్పుడు మా పిల్ల బోర్డు మీద రాసింది: నాలుగుకి 5, తొమ్మిదికి 30, పద్నాలుగుకి 135, పంతొమ్మిదికి 490. ఇలా అయిదేసి పెంచుకుంటూ పోతే వచ్చే లెక్క ప్రతిసారీ అయిదుతో శేషం లేకుండా తెగుతుందని రామానుజన్ గమనించి నిరూపించాడని చెప్పింది.

"ఎందుకట్ల?" అన్నాడు చాయ్ అన్న.

ఆ 'ఎందుకు'ని పట్టుకుని జనం నూరేళ్లుగా పేపర్లు రాస్తూనే ఉన్నారు. మా పిల్ల పనీ అందులోదే. కానీ ఇంతలో ఘోరం జరిగిపోయింది. ముందు వరస పెద్దాయనకి నిద్ర పట్టలేదు.

"బేసిక్స్ ఎక్కువయ్యాయి, డెప్త్ కనిపించలేదు" అని రాసింది కమిటీ. నేను కమిటీ పక్షమే. చాయ్ పోసే మనిషికి అర్థమైతే అందులో పరిశోధన ఏముంటుంది? పైగా అతను ప్రశ్న కూడా వేశాడు. అది సబ్జెక్టుకి సంబంధించిన ప్రశ్న కావడం మరీ అభ్యంతరకరం.

చరిత్ర చూసినా ఇంతే. 1903లో న్యూయార్క్‌లో కోల్ అనే గణితజ్ఞుడు ఒక సభలో బోర్డు దగ్గరికెళ్లి, రెండుని అరవై ఏడుసార్లు వేసి గుణించి ఒకటి తీసేశాడట. పక్కన 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడు. రెండు జవాబులూ ఒకటే. ఆ సంఖ్య ఏ రెండిటిని గుణిస్తే వస్తుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడని చెప్తారు. చప్పట్లు కొట్టారట, పాపం, కమిటీ లేని రోజులు. ఆదర్శంగా తీసుకోవాల్సింది తర్కశాస్త్రం చేసిన గోడెల్‌ని. 1930లో కోనిగ్స్‌బర్గ్‌లో గణితం పునాదుల్నే కదిలించే మాటని చర్చ మధ్యలో నెమ్మదిగా అనేశాడు. దాని బరువు అక్కడికక్కడే పట్టుకున్నది వాన్ న్యూమన్ అనే గణితజ్ఞుడు ఒక్కడేనంటారు. సభా మర్యాద అంటే అదీ.

"ఈసారి ఎలా చెప్పను మావయ్యా?" అంది మా పిల్ల. చెప్పాను. తర్వాతి సెమినార్‌లో 61 స్లైడ్లు, స్లైడుకి మూడు నిర్వచనాలు. చూపించలేని చోటల్లా "క్లియర్లీ" అంది. పెద్దాయన రెండో స్లైడుకే గురక పెట్టారు. లేచాక క్యారెక్టరిస్టిక్ రెండు గురించి అడిగారు. ఆయన అడిగినదానికీ ఈమె చెప్పినదానికీ ఏ సంబంధమూ లేదు, అయినా "మంచి ప్రశ్న సార్" అంది. "ఎక్సలెంట్ ప్రోగ్రెస్" అని రాశారు. నా పొంగు చెప్పలేను.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర చాయ్ అన్న ఆపాడు. జేబులోంచి సమోసాల బిల్లు తీశాడు. వెనక్కి తిప్పితే అంతా పెన్నుతో రాసిన అంకెలు.

"మేడం, తొమ్మిదికి ముప్పై అన్నరు గదా. నాకు ఇరవై ఎనిమిదే వచ్చినయి. రెండు యాడ పోయినయి?"

మా పిల్ల లాప్‌టాప్ బ్యాగు పక్కన పడేసి మెట్టు మీద కూర్చుని బిల్లు తీసుకుంది. "మూడూ మూడూ మూడూ రాయలేదన్నా" అంది కాసేపటికి. కమిటీ దృష్టికి తీసుకెళ్లాల్సిన విషయమే. కానీ ఇంకోటి దొరకలేదు. నేను పార్కింగ్‌లోంచి బండి తీసి ముందుకొచ్చి హారన్ కొట్టేసరికి కూడా ఇద్దరూ దాన్ని వెతుకుతూనే ఉన్నారు.