నడిమెట్టు మీద నోరు పెగలదు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే రోజుల్లో మాకు నెలకోసారి రివ్యూ మీటింగ్ ఉండేది. ఒకసారి మా పైఅధికారి తెర మీది తేదీ చూపించి, "ముప్పయ్యో తారీఖుకి ఇచ్చేస్తున్నాం కదా?" అన్నారు. టెస్టింగ్ సగం కూడా కాలేదని ఆ గదిలో అందరికీ తెలుసు. మేనేజర్లం ఎనిమిది మందిమి ఉన్నాం. ఒకరు ల్యాప్‌టాప్‌లోకి తలదించేశారు. ఇంకొకరు నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. నేను "చూస్తాం సార్" అన్నాను. గోడవారగా కూర్చున్న కాంట్రాక్టు టెస్టర్ అమ్మాయి మాత్రం, "అవదు సార్, ఇంకో మూడు వారాలు పడుతుంది" అంది. ఆ నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. అక్కడ పోగొట్టుకోవడానికి ఆమెకి ఏమీ లేదు. మాకు ఉంది.

"నలుగురితో నారాయణ" అనే మాటని మనం మనిషి స్వభావానికి అంటగడతాం. ఫలానాయన పిరికివాడు, ఫలానావిడకి ధైర్యం ఎక్కువ అని తేల్చేస్తాం. ఆఫీసుల్లో ఇది స్వభావం కన్నా నిలబడ్డ మెట్టుని బట్టి ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం. పైమెట్టు మీదివాళ్లు ఆనవాయితీ తప్పినా వాళ్ల స్థానానికి ఢోకా లేదు. అట్టడుగున ఉన్నవాళ్లు ఎంత ఒద్దికగా నడుచుకున్నా పైకి పిలిచేవాళ్లు లేరు. నడిమెట్టు వాళ్లకే అటు ఆశ, ఇటు భయం. అందుకే అందరికన్నా గట్టిగా ఆనవాయితీని పట్టుకు వేలాడేది వాళ్లే.

సామాజిక శాస్త్రంలో ఇది పాత ఊహే. డామన్ ఫిలిప్స్, ఎజ్రా జుకర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో దీన్ని రెండు రంగాల్లో పరీక్షించారు. ఒకటి సిలికాన్ వ్యాలీ లా ఫర్ములు. కంపెనీల వ్యవహారాలు చూసే లాయర్ల దృష్టిలో విడాకుల కేసులు చిన్నచూపు పని. పేరుమోసిన ఫర్ములు ఆ కేసులు తీసుకున్నాయి, పేరు లేనివీ తీసుకున్నాయి. మధ్యలో ఉన్నవి, ఎక్కడ తమ స్థాయి తగ్గిపోతుందోనని వాటి జోలికి పెద్దగా పోలేదు. రెండోది షేర్ మార్కెట్ విశ్లేషకులు. "ఈ షేరు అమ్మేయండి" అని రాస్తే ఆ కంపెనీ యాజమాన్యానికి కోపం వస్తుంది, రేపు ఫోను ఎత్తరు. అందుకే అలా రాసేవాళ్లు తక్కువ. అక్కడా మధ్యస్థాయి వాళ్లే ఎక్కువ వెనకాడారు. ఈ విశ్లేషకుల సలహాలు నమ్ముకుని పొదుపు సొమ్ము పెట్టినవాళ్ల సంగతేమిటన్నది నన్ను బాధపెట్టే ప్రశ్న.

2012లో ఫేస్‌బుక్ షేర్లు మార్కెట్‌కి వచ్చే ముందు మార్క్ జుకర్‌బర్గ్ న్యూయార్క్ ఇన్వెస్టర్ల సమావేశానికి టోపీ కుట్టిన సాదా హుడీ వేసుకునే వెళ్లాడు. కొందరు విమర్శించారు, అంతే. అదే సమావేశానికి ఆయన కంపెనీలోని ఓ మధ్యస్థాయి ఫైనాన్స్ ఉద్యోగి అలా వెళ్లగలడా?

అయితే మెట్టు అనేది హోదాతో పాటు గదిని బట్టి కూడా మారుతుంది. జిల్లాలో కలెక్టర్‌ని మించినవాళ్లు లేరు. 2015 మేలో ప్రధానికి స్వాగతం పలికేటప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారని బస్తర్ కలెక్టర్‌కి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నోటీసు పంపింది. రోజూ అవే కళ్లద్దాలతో తిరిగినా జిల్లాలో అడిగే నాథుడు ఉండడు. ప్రధాని వచ్చిన ఆ కాసేపు ఆ కలెక్టరూ నడిమెట్టు మనిషే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకే కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అందరికీ ఒకే భరోసా ఉండదు. దళిత అధికారి ఇస్త్రీ చొక్కా, సమయపాలన, ఇంగ్లిషు ఉచ్చారణ విషయంలో ఎందుకంత జాగ్రత్త పడతారో ఆ కుటుంబాల్లో పుట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పక్క గదిలోని అగ్రకుల అధికారి చెప్పులతో వస్తే "సింపుల్ మనిషి" అంటారు. ఈయన అలా వస్తే అనే మాట వేరు. కిందటి తరం నుంచి అండ లేనివాళ్లు ఎంత పైకెక్కినా మధ్యలో ఉన్నట్టే నడుచుకోవాల్సి వస్తుంది. ఆడవాళ్ల పరిస్థితీ చాలాచోట్ల ఇదే.

సంస్థలకి దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పనిలో లోపం ఎక్కడుందో పైవాళ్లకి కనబడదు. కిందివాళ్లకి తమ ముక్క వరకే కనబడుతుంది. మొత్తం తెలిసేది మధ్యవాళ్లకే, నోరు పెగలనిదీ వాళ్లకే. "మా దగ్గర ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు" అని గోడ మీద రాసినంత మాత్రాన వాళ్ల భయం పోదు. మాట్లాడే వరుస మార్చాలి. మన సైన్యంలో కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయవిచారణ, జరిగేటప్పుడు సభ్యుల అభిప్రాయం అడగడం అందరికన్నా తక్కువ ర్యాంకు వాళ్లతో మొదలవుతుంది. పైఅధికారి ఏమంటారో విన్నాక కిందివాళ్లు వేరేగా చెప్పలేరన్న ఎరుకతో పెట్టుకున్న నియమం అది.

మా రివ్యూల్లో అదే వరుస ఉండుంటే ముందు ఆ టెస్టర్ అమ్మాయి "అవదు" అనేది. ఆ మాట గదిలో నిలిచాక నా వంతు వచ్చేది. అప్పుడు "చూస్తాం సార్" అనడం నాకు అంత తేలికయ్యేది కాదు.